పన్నెండు పగడపు రాళ్లు

మార్కాపురంలో రాతి చప్పుడుకు ఎవరూ తల తిప్పరు. పలకల ఊరు కదా, పొద్దున్నే సుత్తి మోత వినిపించకపోతే ఇవాళ ఏదో సెలవు కాబోలు అనుకుంటారు. అలాంటి ఊళ్లో, వాళ్ల నాయన పలకల ఫ్యాక్టరీ ఆవరణలోనే పుట్టి పెరిగిన లక్ష్మీకాంత్ ఆ సెప్టెంబరు ఉదయం కాఫీ గ్లాసు పక్కన పెట్టి, చెవులు రిక్కించి, ముఖం చిట్లించాడు.

మేడ మీద గదిలో ఎవరో రాయిని కొడుతున్నారు. కొట్టడం కూడా కాదు, చంపుతున్నారు.

ఇరవై ఏడేళ్లుగా వింటున్న చెవులవి. సుత్తి దెబ్బ వింటే కొట్టేవాడు కొత్తవాడో పాతవాడో, రాయి తడిదో పొడిదో చెప్పగలడు. ఈ దెబ్బకు మాత్రం అతనికి పళ్లు జివ్వుమన్నాయి. నాలుగు మెట్లు ఒక అంగలో దూకుతూ పైకి వెళ్లాడు.

గదిలో చాప మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్లో తెల్లటి చిల్లుల రాయి, చేతిలో మేకులు కొట్టే సుత్తి. మంచం మీద కాలికి కట్టుతో ఒక పెద్దామె. నాలుగు రోజుల కిందట నాయన ఉమామహేశ్వర్లు అద్దెకు దింపుకున్నవాళ్లు. ఆదెమ్మ, ఆమె కూతురు ప్రసన్న. త్రిపురాంతకం అవతల పల్లె వాళ్లది. కాలు విరిగిన తల్లికి ఆసుపత్రి దగ్గరగా ఉండాలని దిగారని తెలుసుగానీ, ఈ రాళ్ల సంగతి నాయన చెప్పలేదు.

"ఏందన్నా?" అంది ప్రసన్న తలెత్తి.

ఆ మాటకు అతని కోపం సగం చల్లారింది. మిగతా సగం ఆమె కళ్లు చూశాక చల్లారింది. అందమైన అమ్మాయి మొదటి మాటకే అన్నా అనడం అన్యాయమని మనసులో అనుకున్నాడు.

"మేకుల సుత్తితో రాయి పగలగొడతారా ఎవరైనా?"

"నేను కొడతా. నా దగ్గర అదే ఉంది."

"అసలు ఎందుకు కొడుతున్నారు?"

"లోపల పురుగులున్నాయి. అవి కావాల నాకు."

లక్ష్మీకాంత్ ఆదెమ్మ వైపు చూశాడు, పిల్ల బాగానే ఉందా అన్నట్టు.

"నాకేసి చూస్తే ఏం లాభం నాయనా," అంది ఆదెమ్మ. "గొర్రెల కడుపులో పురుగులు పోవాలని వాళ్ల నాయన మందు తాగిస్తాడు. ఇదేమో పురుగుల కోసం సముద్రంలో దిగుతాది."

ప్రసన్న నవ్వకుండా చెప్పింది. ఆమె పీహెచ్‌డీ చేస్తోంది. రామేశ్వరం దగ్గర మండపం తీరంలో, సముద్రంలో పగడపు దిబ్బలున్నాయి. అక్కడ అనుమతి తీసుకుని ఏరిన చచ్చిన పగడపు రాళ్లివి, స్పిరిట్ డబ్బాల్లో వచ్చాయి. పైకి ఎండిన సున్నపురాయిలా కనిపిస్తుందిగానీ, లోపల చిల్లు చిల్లుకూ ఒక పురుగు కాపురముంటుంది. ఏ రాయిలో ఎన్ని ఉన్నాయి, ఎన్ని రకాలున్నాయి, లెక్క తేల్చడమే ఆమె పని.

"పిడికెడు రాయిలో రెండొందల పన్నెండు దొరికినాయి మొన్న. ముప్ఫై ఒక్క రకాలు," అంది. "దెబ్బకు సగం నలిగిపోతున్నాయి. తల దొరికితేనే లెక్కలోకి వస్తాది. తోకలు వంద దొరికినా సున్నానే."

అతను కిందికి వెళ్లి, పలకలు చీల్చే పలచటి ఉలి, చిన్న సుత్తి తెచ్చాడు. రాయిని ఒడిలో పెట్టుకుని చుట్టూ మెల్లగా తట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పలకరాయిలా దీనికి పొరల్లేవు. కానీ ఏ రాయికైనా విడిపోవడానికి ఇష్టమైన చోటొకటి ఉంటుందని అతని నమ్మకం. అది దొరికాక ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేశాడు. వేరుశెనగకాయలా రెండు చెక్కలయింది. చెక్కలో మెలి తిరిగి, చెక్కు చెదరకుండా, వేలెడంత పురుగు.

ప్రసన్న దాని మీదికి వంగింది. "తలుంది," అంది గుసగుసగా. తర్వాత అతని వంక చూసింది. ఆ చూపు పురుగు కోసమా తన కోసమా అన్నది తేలక, లక్ష్మీకాంత్ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

ఆ తర్వాత ఫ్యాక్టరీ కట్టేయగానే అతని కాళ్లు వాటంతటవే మెట్ల వైపు నడిచేవి. వానలు పట్టాయి. రేకుల మీద చినుకులు, బయట తడిసి నల్లగా మెరిసే పలకరాళ్ల గుట్టలు, లోపల ఉలి చప్పుడు. అతను రాళ్లు విప్పుతాడు, ఆమె ఫోర్సెప్స్‌తో పురుగుల్ని తీసి మైక్రోస్కోపు కింద పెడుతుంది. ఆదెమ్మ మంచం మీద నుంచి ఇద్దరినీ చూస్తుంది.

"అత్తా, టీ పెట్టమంటావా?" అన్నాడు ఒకరోజు లక్ష్మీకాంత్.

ఆదెమ్మ వేళ్ల మీద వరసలు లెక్కపెట్టింది. "ఇది నిన్ను అన్న అంటాది. నువ్వు నన్ను అత్త అంటావు. వరస యాడనో తేడా కొడుతుంది నాయనా."

ప్రసన్న మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. మర్నాటి నుంచి అన్నా అనడం మానేసింది. బదులుగా ఏమీ అనలేదు. "ఇదిగో" అనేది, "ఇటు చూడండి" అనేది. ఆ "ఇదిగో" కోసం అతను రోజంతా ఎదురుచూసేవాడు.

"ఇదిగో, ఇది చూడండి. సిల్లిడ్ అంటారు." మైక్రోస్కోపులో దారపు పోగంత పురుగు కనిపించింది. "జత కట్టే కాలం వస్తే దీని వెనక సగం విడిపోతాది. దానికి కొత్తగా కళ్లు మొలుస్తాయి. పైకి ఈదుకుంటా పోయి జతను వెతుక్కుంటాది."

"ముందు సగం?"

"చిల్లులోనే ఉంటాది. దానికి మళ్లీ తోక మొలుస్తాది."

"పోయిందాన్ని తలుచుకోదా?"

"పురుగు కదండీ."

"అయితే మాత్రం," అన్నాడు లక్ష్మీకాంత్. ఆ పురుగు మీద అతనికి చాలా జాలేసింది. తాను రోజంతా కింద గిరాకీతో మాట్లాడుతూ ఉంటే, తనలో సగం ఎప్పుడో మేడ ఎక్కి కూర్చుంటోందని అతనికి అప్పటికే తెలుసు. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయేది. ఆమె చదువు పెద్దది, తన చదువు డిగ్రీతో ఆగింది. కాదంటే ఈ సాయంత్రాలు కూడా పోతాయని భయం.

నవంబరు చివర ఆదెమ్మ కాలి కట్టు విప్పారు. ప్రసన్న తల్లిని పల్లెలో దించి మూడు రోజుల్లో వస్తానంది. "ఆఖరి డబ్బాలో పన్నెండు చిన్న రాళ్లున్నాయి. అన్నిటికన్నా దూరం దీవి దగ్గరివి. వీలైతే విప్పి పెట్టండి. మీ చేతి మీద నాకు నమ్మకం," అంది మెట్లు దిగుతూ.

ఆ ఒక్క మాట మీద అతను మూడు రోజులు తిండి మర్చిపోయాడు. ఆమె రాగానే మనసులో మాట చెప్పేయాలని ముహూర్తం కూడా పెట్టుకున్నాడు. పన్నెండు రాళ్లూ విప్పాడు. మూడు వందల ఎనభై ఆరు పురుగులు, ఒక్కటీ తెగలేదు. అంత చక్కగా తీసినవాటిని అడ్డదిడ్డంగా వదలడానికి చేతులు ఒప్పుకోలేదు. పుట్టిన దగ్గర్నుంచీ చేసిన పనే చేశాడు. పలకల ఫ్యాక్టరీలో ఏ గని రాయి అయినా ఒకచోటే పడుతుంది. చీల్చాక సైజు చూసి పేరుస్తారు. అలాగే పెద్దవి పెద్దవాటితో, సన్నవి సన్నవాటితో, ఐదు డిష్‌లలో వరుసగా పేర్చాడు. చూడటానికి ముచ్చటగా ఉంది.

ప్రసన్న వచ్చింది. ఐదు డిష్‌లు చూసింది. ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

"ఏ రాయివి ఏవి?" అంది.

"అంటే?"

"ఈ పురుగు పన్నెండు రాళ్లలో ఏ రాయిలోది?"

లక్ష్మీకాంత్ డిష్‌లు ఒక్కొక్కటే చూశాడు. "సైజు చూసి పెట్టినా. చూసుకోవడానికి సులువని."

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. చాప మీద కూర్చుండిపోయింది. "ఏ రాయిలో ఎన్ని, ఏ రాయిలో ఎన్ని రకాలు. నా లెక్కంతా అదే. ఇప్పుడు వీటికి ఇల్లు లేదు. వీటి అడ్రసులు పోగొట్టినారు మీరు."

"తెలీక చేసినా ప్రసన్నా."

"తెలీకపోతే అడగాల గదా. నాకు నచ్చుతాదని మీకై మీరే అనుకున్నారు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "దూరం దీవి చాప్టర్ మొత్తం పోయింది. అనుమతి ఫిబ్రవరి దాకానే. మళ్లీ పోయి ఏరుకోవాల."

మర్నాడే సామాను సర్దుకుంది. ఐదు డిష్‌ల పురుగుల్నీ ఒక సీసాలో పోయబోయి ఆగింది. "ఇవి నాకు పనికిరావు. పారెయ్యండి," అని వదిలి వెళ్లింది. అతను బస్టాండు దాకా బ్యాగు మోశాడు. ముహూర్తం పెట్టుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. బస్సు మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడ్డాడు.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. కింద పలకల చప్పుడు ఎప్పట్లాగే ఉండేది, అన్నీ సరైన దెబ్బలే. ఆ సరైన దెబ్బల మధ్య ఒక్క తప్పు దెబ్బ వినిపిస్తుందేమోనని అతను మేడ వైపు చూసేవాడు. గది అద్దెకు అడగడానికి ముగ్గురొచ్చారు. పైకప్పు కారుతోందని ముగ్గురికీ అబద్ధం చెప్పాడు. ఫోనులో తొమ్మిది మెసేజీలు పెట్టాడు. తొమ్మిదీ సారీలే. తొమ్మిదికీ నీలం టిక్కులు పడ్డాయి, జవాబు పడలేదు. భోజనం దగ్గర తల్లి కూర వేస్తే "చాలు" అనడం మర్చిపోయి చూస్తూ ఉండేవాడు. ఎవరైనా ఏమైందిరా అంటే ఎసిడిటీ అనేవాడు.

డిసెంబరులో ఒక ఆదివారం ఉండబట్టలేక బండి తీసి త్రిపురాంతకం అవతల పల్లెకు వెళ్లాడు. ప్రసన్న తండ్రి కాటమరాజు పొలం గట్టు మీద గొర్రెల్ని మేపుతూ కనిపించాడు.

"మామా, నేను మార్కాపురం లక్ష్మీకాంత్‌ని."

"ఏ వరసన మామ?"

"అత్తను అత్త అంటున్నా గదా."

కాటమరాజు కర్ర మీద గడ్డం ఆనించి అతన్ని నిదానంగా చూశాడు. "మా పాప ఏడ్చింది. ఎందుకమ్మా అంటే పురుగులు కలిసిపోయినాయంది. నాకేం అర్థం గాలా."

"నేనే కలిపినా." జరిగిందంతా చెప్పాడు. దాచకుండా చెప్పాడు.

కాటమరాజు పెద్దగా నవ్వాడు. "పోయినేడు దొనకొండోళ్ల మంద, మా మంద నీళ్ల కాడ కలిసిపోయినాయి. నాలుగొందల జీవాలు."

"ఎట్ల వేరు చేసినారు? సైజు చూసా?"

"సైజు చూస్తే ఎట్ల తెలుస్తాది? మేమేం వేరు చేయలా. పొద్దు గూకే దాకా ఆగి రెండు దొడ్ల తడికెలు తీసినాం. ఏ దొడ్డిది ఆ దొడ్లోకి పోయింది. ఓ ఏడెనిమిది మాత్రం తేలలా. వాటిని మావని వాళ్లూ అనలా, మేమూ అనలా."

ఏదో తట్టి, లక్ష్మీకాంత్ చప్పున బండి వైపు తిరిగాడు. బండి తాళం కోసం జేబులన్నీ తడుముకున్నాడు. అది చేతిలోనే ఉంది.

"ఇంత దూరం ఇది చెప్పడానికే వచ్చినావా?" అన్నాడు కాటమరాజు.

"కాదు మామా. మీ పాపంటే నాకిష్టం. ఆమెకి చెప్పాల. మీకు తెలీకుండా చెప్తే బాగుండదని వచ్చినా."

"ఫ్యాక్టరీ ఉన్న ఇంటి పిల్లోడివి, మేము గొర్రెలు కాసేటోళ్లం. మీవోళ్లు ఏమంటారు?"

"అడగలా ఇంకా. ముందు ఆమె ఏమంటాదో తెలియాల."

ముసలాయన గొర్రెల వైపు తిరిగాడు. "అది మండపంలోనే ఉంది. ఫిబ్రవరి దాకా ఉంటాది," అన్నాడు. కాదని మాత్రం అనలేదు.

చచ్చిన పురుగులు నడిచి ఇంటికి పోవు. కానీ ఇళ్లు ఉన్నాయి కదా. పగిలిన చెక్కలన్నీ మేడ గదిలో గంపలో అలాగే ఉన్నాయి. లక్ష్మీకాంత్ ముందు ఆ చెక్కల్ని జతచేశాడు. ఏ రెండు ముఖాలు ఒక రాయివో చేత్తో తడిమి చెప్పడం అతనికి అన్నం తిన్నంత సులువు. రెండు రోజుల్లో పన్నెండు రాళ్లూ మళ్లీ పన్నెండు రాళ్లయ్యాయి. తర్వాత చిల్లు చిల్లుకూ వచ్చాడు. ఏ పురుగు ఏ చిల్లులో పడుతుంది? ఏ మెలిక ఏ సొరంగానికి సరిపోతుంది? భూతద్దం, సన్న పుల్ల, సీసాల్లో స్పిరిటు.

మూడొందల ఎనభై ఆరు పురుగుల మొహాలూ అతనికి తెలిసిపోయాయి. మీసాల పురుగు, పొలుసుల పురుగు, నడుం దగ్గర నొక్కినట్టుండేది, వెంట్రుక కన్నా సన్నది. ఇంతమందిని ఆమె ఇన్నేళ్లుగా ఒక్కతే చూస్తోందని తలుచుకుంటే గుండె బరువెక్కేది. ఆమె చూసినవే తనూ చూడటంతో ఆమె మీద బెంగ మరీ పెరిగింది.

"గిరాకీ వచ్చి నిలబడితే నీకు కనపడటం లేదురా," అన్నాడు ఉమామహేశ్వర్లు ఒకరోజు మేడ మీదికొచ్చి. సీసాలు చూసి ముక్కు మూసుకున్నాడు. "ఏంది ఇదంతా?"

"నాయనా, నేను మండపం పోవాల."

తండ్రి కొడుకు ముఖం, సీసాలు మార్చి మార్చి చూశాడు. "పదిమందిలో తలెత్తుకునే పని చేసుకొని రా," అన్నాడు. మెట్లు సగం దిగి ఆగి, "ఆ సీసాలు మన వంటింట్లోకి మాత్రం రాకూడదు. ముందే చెప్పు ఆ అమ్మాయికి," అని కిందికి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి మొదటి వారంలో, పలకలు సర్దే చెక్కపెట్టెలో వరిగడ్డి పరిచి, మధ్య రాళ్లూ సీసాలూ పెట్టుకుని, లక్ష్మీకాంత్ మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కాడు. రెండు చోట్ల మారాడు. దారి పొడుగునా పెట్టెను ఒళ్లోనే పెట్టుకున్నాడు. మండపంలో దిగాక జీవితంలో మొదటిసారి సముద్రం చూశాడు. అంత నీలం చూసి కూడా ఆగలేదు. వాళ్లనీ వీళ్లనీ అడిగి ల్యాబు దారి పట్టాడు.

ప్రసన్న నల్లబడింది. జుట్టు ఉప్పుగాలికి చింపిరిగా ఉంది. ముందొక బల్ల, బల్ల మీద రాళ్లు, చేతిలో సుత్తి. తలెత్తి అతన్ని చూసి సుత్తి దించడం మర్చిపోయింది.

"ఏంది ఇట్ల వచ్చినారు?"

అతను పెట్టె విప్పాడు. రాళ్లు వరుసగా పెట్టాడు, ఒక్కో రాయి పక్కన దాని సీసాలు. ఎలా చేశాడో చెప్పాడు. ఆమె అడ్డు రాకుండా వింది.

"ఎన్ని తేలినాయి?"

"నలభై ఒకటి."

"మూడొందల ఎనభై ఆరులోనా?"

"అందులో గట్టిగా చెప్పగలిగినవి పంతొమ్మిదే."

ఆమె ఒక రాయి తీసుకుని, మిగిలిన పురుగుల సీసాలోంచి మూడింటిని అద్దం మీద పెట్టింది. "వీటిలో ఏది దీంది?"

అతను భూతద్దంతో చూశాడు. రాయి తిప్పి చూశాడు. రెండోది చిల్లులో సరిగ్గా పట్టేలా ఉంది. అది చెబితే ఆమె ముఖం వెలుగుతుందనీ తెలుసు. భూతద్దం కింద పెట్టాడు.

"తెలీదు," అన్నాడు చివరికి. "రెండోది కావచ్చు. కానీ ఇట్లాంటి చిల్లు ఏడో రాయిలోనూ ఉంది. గట్టిగా చెప్తే అబద్ధమైతాది."

ప్రసన్న రాయిని బల్ల మీద పెట్టింది. "ఈ పంతొమ్మిది కూడా నాకు పనికిరావు. ఊహ లెక్కలోకి రాదు."

"తెలుసు."

"మరి ఇన్ని రోజులు ఎందుకు చేసినారు?"

"వాటి అడ్రసులు పోగొట్టినానని అన్నావు గదా. దొరికినన్ని వెతికినా." పెట్టె అంచు పట్టుకుని అతను నేల చూశాడు. "ఇంకొకటి చెప్పాల. నువ్వు పోయిన కాడి నుంచి నాకు ఏ పనీ చేతగావట్లా. పొద్దున లేస్తే నువ్వే, పడుకుంటే నువ్వే. నువ్వంటే నాకిష్టం ప్రసన్నా. మీ నాయనకి ముందే చెప్పినా. ఇప్పుడు నీకు చెప్తున్నా."

ఆమె లేచింది. కిటికీ దగ్గర బల్ల మీది గాజు తొట్టెలో పచ్చటి నీళ్లు, నీళ్లలో ఒక రాయి ఉంది. స్టూలు చూపించి కూర్చోమంది. తనూ పక్కనే కూర్చుంది.

"మీరు చచ్చినవే చూసినారు. రంగు పోయినవి. ఇది బతికున్నది," అంది. రాయి మీద చిన్న చిల్లు తప్ప ఏమీ లేదు. "మన నీడ పడి లోపలికి పోయింది. కదలకుండా ఉంటే వస్తాది."

"ఎంతసేపు?"

"దాని భయం పోయేదాకా."

కూర్చున్నారు. అతని భుజానికి ఆమె భుజం తగులుతోంది. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నాడు.

"ఇక్కడ సుత్తి పట్టుకున్నప్పుడల్లా నువ్వే గుర్తొచ్చినావు," అంది ప్రసన్న, చూపు చిల్లు మీద నుంచి తిప్పకుండా. "మొదటి వారం కోపంతో. తర్వాత కోపం లేకుండా. ఎవరూ పక్కన లేకుండా రాళ్లు కొట్టడం ఇంత కష్టమని నాకు తెలీదు."

"మరి జవాబియ్యలేదేం? తొమ్మిది పెట్టినా."

"అన్నీ సారీలే. సారీకి ఏం జవాబిస్తాం? వచ్చి చూడాలనుందని ఒక్కటి పెట్టుంటే రెండో రోజే ఫోన్ చేసేదాన్ని."

అతను ఆమె వైపు తిరగబోయాడు.

"కదలొద్దు," అంది.

కదల్లేదు. బల్ల కింద ఆమె చెయ్యి వచ్చి అతని చేతి మీద పడింది. ఉప్పుకు గరుకెక్కిన చెయ్యి. వేళ్లు మెల్లగా బిగుసుకున్నాయి. బయట పడవల వాళ్లు తమిళంలో ఏదో అరుచుకుంటున్నారు.

"ఇరవై నాలుగు రాళ్లున్నాయి ఇంకా," అంది. "ఎన్ని రోజులుంటావు?"

"రాళ్లు అయిపోయేదాకా."

"తర్వాత?"

"నాయన ఒక మాట చెప్పమన్నాడు. సీసాలు వంటింట్లోకి రాకూడదంట."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే కదిలిపోతానని పెదవి కొరుక్కుంది, కళ్లలో మాత్రం నీళ్లు నిండాయి. "సరేనన్నానని చెప్పు."

అప్పుడు చిల్లులోంచి ముందు ఒక ఎర్రటి మొన వచ్చింది. ఆగింది. తర్వాత నీలంగా, పక్షి ఈకల్లాంటి కుచ్చులు రెండు ఒకదాని పక్కన ఒకటి మెల్లగా విచ్చుకున్నాయి.

ఇద్దరూ కదల్లేదు.